చేతిరాతలో సముద్రం దాటిన చట్టం

తీర్పుల దారి – 9వ భాగం

1761 ఫిబ్రవరి. బోస్టన్ టౌన్‌హౌస్ మేడమీద కౌన్సిల్ గదిలో మసాచుసెట్స్ సుపీరియర్ కోర్టు కూర్చుంది. చీఫ్ జస్టిస్ థామస్ హచిన్సన్, ఆయనతో మరో నలుగురు న్యాయమూర్తులు, ఒంటిమీద ఎర్రటి అంగీలు, తలమీద పెద్ద విగ్గులు. ఊళ్ళో పేరున్న వకీళ్ళంతా వచ్చారు. కిందటి అక్టోబరులో రెండో జార్జి రాజు చనిపోయాడు. రాజు పోతే ఆయన పేర జారీ అయిన సోదా రిట్లు ఆరు నెలల్లో చెల్లకుండా పోతాయి. 'రిట్స్ ఆఫ్ అసిస్టెన్స్' అనే ఆ కాగితం చేతిలో ఉంటే కస్టమ్స్ అధికారి పట్టపగలు ఎవరింట్లోకైనా, ఎవరి గోదాములోకైనా వెళ్ళి దొంగసరుకు కోసం వెతకొచ్చు. కొత్త రాజు పేర కొత్త రిట్లు ఇమ్మని కస్టమ్స్ వారు అడిగారు. ఇవ్వొద్దని బోస్టన్ వర్తకులు అడ్డుపడ్డారు.

కస్టమ్స్ తరఫున లేచింది జెరెమయా గ్రిడ్లీ. బోస్టన్ వకీళ్ళలో పెద్దతల. వర్తకుల తరఫున లేచిన జేమ్స్ ఓటిస్ ఒకప్పుడు గ్రిడ్లీ దగ్గరే పని నేర్చుకున్నాడు. గురువు వాదనకు శిష్యుడు ఎదురు నిలబడ్డాడు. వింటున్నవాళ్ళలో 25 ఏళ్ళ జూనియర్ వకీలు ఒకడు కలం తీసి విన్నది విన్నట్టు గీకడం మొదలుపెట్టాడు. అతని పేరు జాన్ ఆడమ్స్.

ఓటిస్ ఆనాడు గంటల తరబడి మాట్లాడాడు. పార్లమెంటు చేసిన చట్టమైనా సరే, న్యాయానికి మూలమైన సూత్రాలకు విరుద్ధంగా ఉంటే చెల్లదన్నాడు. ఆ మాటకు ఆధారంగా చూపింది లండన్‌లో 1610లో తీర్పు వచ్చిన డాక్టర్ బానమ్ కేసు. తమ అనుమతి లేకుండా వైద్యం చేశాడని అక్కడి వైద్యుల కాలేజీ థామస్ బానమ్‌కు జరిమానా వేసి ఖైదు చేయించింది. తన కేసులో తానే న్యాయమూర్తిగా కూర్చునే హక్కు ఎవరికీ లేదని, చట్టం ఇచ్చినా అది నిలవదని న్యాయమూర్తి సర్ ఎడ్వర్డ్ కోక్ తేల్చాడు. ఓటిస్ వాదనలో మనకు మిగిలిందంతా ముఖ్యంగా ఆడమ్స్ గీకిన ఆ కాసిని కాగితాల వల్లే. 1817లో, ముసలితనంలో, ఆడమ్స్ ఆ రోజును గొప్పగా వర్ణిస్తూ స్వాతంత్ర్యం అక్కడే పుట్టిందని ఉత్తరం రాశాడు. చాలామంది రచయితలు ఆ ఉత్తరాన్నే ఎత్తి చెబుతారు. నా నమ్మకం మాత్రం ఆ మొదటి కాగితాల మీద. సగం సగం వాక్యాలు, కేసుల పేర్లు, పుస్తకాల పేర్లు, వాటి వెనక వింటున్నవాడి ఆత్రం. యాభై ఆరేళ్ళ తరవాత అద్దిన మెరుగు వాటికి లేదు.

అదే సంవత్సరం నవంబరులో కేసు మళ్ళీ విచారణకొచ్చింది. కోర్టు రిట్లు ఇచ్చేసింది. ఆ రెండో వాదనను రాసిపెట్టినవాడు జోసయా క్విన్సీ అనే 17 ఏళ్ళ కుర్రాడు. అప్పటికింకా హార్వర్డ్ కాలేజీ విద్యార్థి.

లండన్‌లో ఒక వైద్యుడి కేసులో అన్న మాట నూటయాభై ఏళ్ళ తరవాత బోస్టన్‌లో ఒక వకీలు నోట ఎలా వచ్చింది? ఈ భాగమంతా ఆ ప్రయాణం గురించే.

కామన్ లా ఒక గ్రంథంగా రాసిపెట్టి ఉన్నది కాదని గత భాగాల్లో చూశాం. కోర్టుల్లో ఇచ్చిన తీర్పులు పేరుకుని చట్టమయ్యాయి. కాబట్టి తీర్పు ఎవరో ఒకరు రాసిపెడితేనే రేపటి వకీలుకు ఆధారం దొరుకుతుంది. ఇంగ్లండులో ఆ పని వందల ఏళ్ళుగా సాగింది. 'ఇయర్ బుక్స్' అనే మధ్యయుగపు కేసుల రాతల తరవాత ప్లౌడెన్, డయర్, కోక్, సాల్కెల్డ్, లార్డ్ రేమండ్ వంటివారు తమ పేర్లతో తీర్పుల సంపుటాలు వెలువరించారు. అమెరికాలో మాత్రం 1789 దాకా అటువంటి అచ్చు సంపుటం ఒక్కటీ లేదు. కోర్టులున్నాయి, కేసులున్నాయి, జూరీ ఉంది. న్యాయమూర్తులు తమ అభిప్రాయం నోటితో చెప్పి లేచిపోయేవారు. రికార్డులో ఎవరు గెలిచారన్నది ఉంటుంది, ఎందుకన్నది ఉండదు.

నేర్చుకోవడానికి న్యాయ కళాశాల కూడా లేదు. డబ్బున్న ఇళ్ళ పిల్లలు లండన్ వెళ్ళి ఇన్స్ ఆఫ్ కోర్ట్ అనే వకీళ్ళ సంఘాల్లో చేరేవారు. దక్షిణ కరొలైనా జమీందార్ల పిల్లలు అలా ఎక్కువగా వెళ్ళారు. అక్కడ కూడా పాఠాలు చెప్పేవాళ్ళు ఎప్పుడో పోయారు. నియమం ప్రకారం భోజనాలకు హాజరైతే టర్ములు పూర్తయ్యేవి. చదవాలన్న పట్టుదల ఉన్నవాడు మాత్రం వెస్ట్‌మిన్‌స్టర్ హాల్‌కు పోయి కోర్టులో కూర్చుని తానే నోట్సు రాసుకోవాలి. ఆ సంఘాల్లో ఒకటైన మిడిల్ టెంపుల్‌లో 1753లో చేరిన జాన్ డికిన్సన్ ఆ దారి పట్టాడు. తన చదువు సంగతులన్నీ తల్లిదండ్రులకు ఉత్తరాలుగా రాశాడు. ఆ ఉత్తరాలు ఇప్పటికీ ఉన్నాయి.

మిగతావాళ్ళకు ఉన్న ఊళ్ళోనే ఒక వకీలు ఆఫీసు దిక్కు. ఫీజు కట్టి, రెండు మూడేళ్ళు ఆయన దగ్గర ఉండి, రిట్లకు, దస్తావేజులకు నకళ్ళు రాస్తూ, ఖాళీ దొరికితే బీరువాలోని పుస్తకాలు చదువుకోవాలి. చాలాచోట్ల ఖాళీ దొరికేది కాదు. న్యూయార్క్‌లో విలియం లివింగ్‌స్టన్ అనే కుర్రాడు ఈ వెట్టిచాకిరీ మీద 1745లో మారుపేరుతో పత్రికలో వ్యాసం రాశాడు. చట్టం నేర్పిస్తామని డబ్బు తీసుకుని నకళ్ళు రాయించుకోవడం మోసమని అతని ఆరోపణ. అతని సీనియర్ జేమ్స్ ఆలెగ్జాండర్ రాసిందెవరో కనిపెట్టాడు. లివింగ్‌స్టన్ ఆ ఆఫీసు వదిలి మరొకరి దగ్గర చేరాల్సి వచ్చింది. తర్వాతి రోజుల్లో అతను న్యూజెర్సీ గవర్నరయ్యాడు.

ఆడమ్స్‌కు ఈ బాధ కొంత తక్కువ. పగలు వూస్టర్ ఊరి బళ్ళో పిల్లలకు చదువు చెప్పి, మిగతా సమయం జేమ్స్ పట్నమ్ అనే వకీలు ఇంట్లో ఉండి చదువుకున్నాడు. 1756 నుంచి 1758 దాకా రెండేళ్ళు. ఫీజు వంద డాలర్లు, వీలైనప్పుడు ఇమ్మన్నాడు పట్నమ్. విప్లవం వచ్చినప్పుడు ఈ పట్నమ్ రాజు పక్షాన నిలబడి, న్యూ బ్రన్స్‌విక్ వెళ్ళి అక్కడ న్యాయమూర్తి అయ్యాడు. ఒకే ఇంట్లో ఒకే పుస్తకాలు చదివిన ఇద్దరూ చెరో పక్షంలో ఉన్నారన్నది గుర్తుంచుకోవాలి. కామన్ లా చదివిన ప్రతివాడూ తిరుగుబాటుదారు కాలేదు.

1758 అక్టోబరులో ఆడమ్స్ బోస్టన్ వచ్చి గ్రిడ్లీని కలిశాడు. బార్‌లో చేరాలంటే పెద్దల సిఫారసు కావాలి. ఏమేం చదివావని గ్రిడ్లీ గుచ్చి గుచ్చి అడిగాడు. లాటిన్ వచ్చా, రోమన్ చట్టం తెలుసా, కోక్ చదివావా అని. సంపాదన వెంట పడకుండా చదువు వెంట పడమన్నాడు. త్వరపడి పెళ్ళి చేసుకోవద్దన్నాడు. తన బీరువా తెరిచి రోమన్ చక్రవర్తి జస్టీనియన్ చట్టం మీద లాటిన్ వ్యాఖ్యానం చేతికిచ్చాడు. ఇంటికి వెళ్ళి ఆడమ్స్ ఆ సంభాషణంతా డైరీలోకి ఎక్కించాడు. ఒక తరం తన తరవాతి తరానికి చదువు అప్పగించడం ఇంత దగ్గరగా కనిపించే పుటలు ఆ కాలానివి మరి నేను చూడలేదు.

ఆనాటి విద్యార్థులందరినీ ఏడిపించిన పుస్తకం ఒకటుంది. 'కోక్ ఆన్ లిటిల్‌టన్', 1628లో అచ్చయింది. పదిహేనో శతాబ్దంలో థామస్ లిటిల్‌టన్ భూమి హక్కుల మీద, ఇంగ్లండు కోర్టుల్లో వాడిన లా ఫ్రెంచిలో, చిన్న పుస్తకం రాశాడు. కోక్ దానికి ఇంగ్లీషు అనువాదం జోడించి, వాక్యం వాక్యానికీ చుట్టూ వ్యాఖ్యానం పేర్చాడు. పుట మధ్యలో మూలం, పక్కన అనువాదం, వాటిని చుట్టుముట్టి సన్నటి అక్షరాల్లో వ్యాఖ్య, అంచుల్లో మళ్ళీ కేసుల సూచికలు. క్రమం లేదు. ఒక మాట పట్టుకుని ఎక్కడెక్కడికో వెళ్ళి వస్తాడు. సూత్రానికి భాష్యం, భాష్యానికి టిప్పణి చదివి పెరిగిన మన పాతకాలపు శాస్త్రపండితులకైతే ఆ పుట చూడగానే పోలిక తట్టేది. 1762 క్రిస్మస్ నాడు 19 ఏళ్ళ థామస్ జెఫర్సన్ స్నేహితుడికి ఉత్తరం రాస్తూ ఆ ముసలి కోక్‌ను తిట్టిపోశాడు. మసాచుసెట్స్‌లోని మార్బుల్‌హెడ్‌లో తరవాతి తరానికి చెందిన జోసెఫ్ స్టోరీ అనే యువకుడు ఆ పుస్తకం ముందు కూర్చుని, ఏమీ ఎక్కక నిజంగానే ఏడ్చాడు. కన్నీళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదటినుంచి చదివాడు. 32 ఏళ్ళకు అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యాడు. జెఫర్సన్ కూడా మనసు మార్చుకున్నాడు. చనిపోయే సంవత్సరం, 1826లో, జేమ్స్ మాడిసన్‌కు రాసిన ఉత్తరంలో స్వేచ్ఛాపక్షపాతుల్లో కోక్‌ను మించినవాడు లేడన్నాడు.

ఇటువంటి పుస్తకాన్ని ఒంటపట్టించుకోవడానికి వాళ్ళ దగ్గరున్న ఉపాయం కామన్‌ప్లేస్ బుక్. తెల్లకాగితాలు కుట్టిన పెద్ద పుస్తకం. చదివిన కేసును సొంత మాటల్లో కుదించి, ఏ పుస్తకం, ఏ పుట అన్నది రాసుకోవాలి. వీలునామా, బాకీ, వితంతువుకు దక్కే భూమి, సాక్ష్యం అంటూ విషయాలవారీగా పెట్టుకోవాలి. ఎక్కడ ఏముందో తేలిగ్గా దొరికేలా సూచిక వేసే పద్ధతిని తత్వవేత్త జాన్ లాక్ ప్రచారం చేశాడు. అరువు తెచ్చుకున్న పుస్తకం తిరిగి ఇచ్చేయాలి గదా. కోర్టున్న ఊరికి గుర్రం మీద వెళ్ళేవాడు నిలువెత్తు సంపుటాలు మోసుకుపోలేడు. ఈ పుస్తకం ఒక్కటి సంచిలో ఉంటే చాలు. అయితే నిజమైన లాభం వేరు. కుదించాలంటే కేసులో ముఖ్యమైనది ఏదో, కానిది ఏదో రాసేవాడు తేల్చుకోవాలి. ఆ తేల్చుకోవడమే వకీలుకు కావలసిన చదువు. అందుకే ఆ కుర్రాళ్ళు వదిలేసిన విషయాలు అమెరికా కోర్టుల్లో మెల్లగా మరుగునపడ్డాయని, ఎత్తిరాసుకున్నవి నిలిచాయని నా అభిప్రాయం. ఇంగ్లండు చట్టమంతా ఓడ ఎక్కలేదు. కొన్ని వందల నోటుపుస్తకాల్లో పట్టినంతే దిగింది.

జెఫర్సన్ పుస్తకం అదృష్టవశాత్తూ మనకు మిగిలింది. ఇప్పుడు వాషింగ్టన్‌లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉంది. వరుసగా అంకెలు వేసిన 900కు పైగా పద్దులు. విలియమ్స్‌బర్గ్‌లో జార్జి విత్ అనే వకీలు దగ్గర అయిదేళ్ళు చదివినప్పుడు దీనికి పునాది పడింది. మొదట్లో అన్నీ మామూలు కేసులు. ఆస్తులు, అప్పులు, వీలునామాలు. పోనుపోను రంగు మారుతుంది. స్కాట్లండుకు చెందిన లార్డ్ కేమ్స్ రాసిన న్యాయచరిత్ర, ఫ్యూడల్ భూస్వామ్యం ఎలా పుట్టిందన్న చర్చ, మాంటెస్క్యూ, ఇటాలియన్ భాషలోనే ఎత్తిరాసుకున్న బెకారియా. పొలం తగాదాల దగ్గర మొదలైనవాడు భూమి మీద రాజుకు హక్కు ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్న దాకా నడిచాడు. ఆ నడక పద్దుల వరుసలోనే కనబడుతుంది. స్వాతంత్ర్య ప్రకటన రాసిన చెయ్యి ఎలా తయారైందో తెలుసుకోవాలంటే నేను ముందు ఈ పుస్తకమే చూడమంటాను.

చదువు విషయంలో జెఫర్సన్ కఠినుడు. తెలిసిన ఒక యువకుడికి రాసిచ్చిన దినచర్యలో పొద్దున్న ఎనిమిదింటి దాకా ప్రకృతిశాస్త్రాలు, నీతి, మతం, ఎనిమిది నుంచి పన్నెండు దాకా చట్టం, తర్వాత గంట రాజకీయాలు, మధ్యాహ్నం చరిత్ర, చీకటి పడ్డాక సాహిత్యం, వక్తృత్వం. చదివిన ప్రతి కేసునూ కుదించి రాయమన్నాడు, మాట తక్కువ భావం ఎక్కువ ఉండాలన్నాడు. 1770 ఫిబ్రవరి 1న అతని షాడ్‌వెల్ ఇల్లు తగలబడింది. పుస్తకాలు, తర్వాతి కోర్టు టర్ముకు సిద్ధం చేసుకున్న కేసు కాగితాలు బూడిదయ్యాయి. పోయిన పుస్తకాల విలువ 200 పౌండ్లని లెక్కేసి, డబ్బు పోతే పోయింది గానీ అని స్నేహితుడి దగ్గర వాపోయాడు. చేతిరాత కాగితం ఎంత తేలిగ్గా పోతుందో అతనికి అప్పుడే అర్థమైంది కాబోలు. ఆ తరవాత జీవితమంతా వర్జీనియా పాత చట్టాల రాతప్రతులు వెతికి వెతికి కూడబెట్టాడు. ముట్టుకుంటే పొడిపొడిగా రాలే సంపుటాలను నూనెగుడ్డలో చుట్టి కుట్టించాడు.

విత్ దగ్గర చదివినవాళ్ళలో జాన్ మార్షల్ కూడా ఉన్నాడు. 1779 చివర విలియం అండ్ మేరీ కాలేజీ విత్‌ను న్యాయశాస్త్ర ప్రొఫెసరుగా నియమించింది. అమెరికాలో అటువంటి పదవి అదే మొదటిది. రాజధాని రిచ్మండ్‌కు తరలిపోయాక ఖాళీ పడిన పాత శాసనసభ భవనంలో ఆయన విద్యార్థులచేత ఉత్తుత్తి కోర్టు, ఉత్తుత్తి శాసనసభ నడిపించేవాడు. మార్షల్ సైన్యం నుంచి వచ్చి 1780లో కొద్ది నెలలే చదివాడు. అతని నోటుపుస్తకం 200 పుటలకు పైగా ఉంటుంది. ఎక్కువ భాగం మాథ్యూ బేకన్ సంగ్రహం నుంచి దించుకున్నది. అక్కడక్కడా పుట అంచుల్లో పాలీ ఆంబ్లర్ అనే అమ్మాయి పేరు. తరవాత ఆమెనే పెళ్ళాడాడు. చట్టం చదువు అతనికి దాదాపు అంతటితో సరి. అయినా ముప్ఫై నాలుగేళ్ళు చీఫ్ జస్టిస్‌గా ఉండి ఆ దేశ రాజ్యాంగానికి రూపం ఇచ్చినవాడు అతనే.

ఇంతలో బ్లాక్‌స్టన్ వచ్చాడు. ఆక్స్‌ఫర్డులో ఇంగ్లండు చట్టం మీద ఇచ్చిన ఉపన్యాసాలను ఆయన 1765–69 మధ్య నాలుగు సంపుటాలుగా వేశాడు. కోక్‌లో చిక్కులుపడి ఉన్న చట్టం బ్లాక్‌స్టన్‌లో ఒక వరుసలో, చదివించే ఇంగ్లీషులో దొరికింది. ఫిలడెల్ఫియా పుస్తక వ్యాపారి రాబర్ట్ బెల్ 1771–72లో చందాలు పోగుచేసి దాన్ని అమెరికాలోనే అచ్చువేశాడు. చందాదారుల్లో మార్షల్ తండ్రి థామస్ ఒకడు. 1775 మార్చిలో ఎడ్మండ్ బర్క్ బ్రిటిష్ పార్లమెంటులో మాట్లాడుతూ, ఈ పుస్తకం ఇంగ్లండులో అమ్ముడైనంతగా అమెరికాలోనూ అమ్ముడైందని హెచ్చరికగా చెప్పాడు. చట్టం చదివిన జనాన్ని ఏలడం కష్టమని ఆయన భావం. 1779లో యుద్ధం వల్ల యేల్ కాలేజీ మూతపడితే, జేమ్స్ కెంట్ అనే కుర్రాడు పల్లెలో కూర్చుని ఈ నాలుగు సంపుటాలూ చదివి వకీలు కావాలని తీర్మానించుకున్నాడు. అయిదు దశాబ్దాల తరవాత ఆయనే అమెరికా చట్టం మీద నాలుగు సంపుటాలు రాశాడు. జెఫర్సన్‌కు మాత్రం బ్లాక్‌స్టన్ నచ్చలేదు. తేలిగ్గా చదివేసి అంతా తెలిసిందనుకునే వకీళ్ళు తయారవుతున్నారని, వాళ్ళ మనసు రాజు వైపు మొగ్గుతోందని ఆయన దిగులు. ఆ దిగుల్లో నిజం లేకపోలేదు.

అచ్చు పుస్తకాలు వచ్చినా కలం ఆగలేదు. ఇంగ్లండు పుస్తకంలో లేనిది న్యూయార్క్ కోర్టు పద్ధతి. యుద్ధంలో పనిచేసిన యువకులకు ఆఫీసులో గడపాల్సిన మూడేళ్ళు సడలించినప్పుడు, ఆలెగ్జాండర్ హామిల్టన్ 1782లో జేమ్స్ డ్యువేన్ గ్రంథాలయంలో కూర్చుని పరీక్షకు తనకోసం ఒక పద్ధతి పుస్తకం రాసుకున్నాడు. దావా ఎలా వేయాలి, జవాబు ఎలా దాఖలు చేయాలి, తీర్పు ఎలా అమలు చేయించాలి అన్నవన్నీ అందులో ఉన్నాయి. తరవాత వచ్చిన విద్యార్థులు దాన్ని నకళ్ళు తీసుకుని చదివారు. 1794లో విలియం వైక్ వేసిన అచ్చు పుస్తకానికి అదే ఆధారమైంది.

సొంత తీర్పులను అచ్చులో పెట్టడం అన్నిటికంటే ఆలస్యంగా జరిగింది. తీర్పుకు కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలని కనెక్టికట్ 1780ల్లో చట్టం చేసింది. దానిమీద ఆధారపడి ఇఫ్రాయిమ్ కిర్బీ 1789లో లిచ్‌ఫీల్డ్ నుంచి తీర్పుల సంపుటం తెచ్చాడు. మరుసటి ఏడు ఆలెగ్జాండర్ డాలస్ పెన్సిల్వేనియా కేసులు అచ్చువేశాడు. అమెరికా సుప్రీంకోర్టు రిపోర్టుల వరుసలో మొదటి సంపుటంగా లెక్కకొచ్చేది ఇదే, కానీ ఆ కోర్టు తీర్పు అందులో ఒక్కటీ లేదు. జెఫర్సన్ రాసుకున్న వర్జీనియా కేసులు ఆయన పోయాక 1829లో బయటికొచ్చాయి. క్విన్సీవి ఇంకా ఆలస్యం, 1865. క్విన్సీ తన పుస్తకం అచ్చులో చూసుకోలేదు. ఆడమ్స్‌తో కలిసి బోస్టన్ కాల్పుల కేసులో బ్రిటిష్ సిపాయిల తరఫున ధైర్యంగా వాదించిన ఆ యువకుడు, 1775 ఏప్రిల్‌లో ఇంగ్లండు నుంచి తిరిగొస్తూ, ఒడ్డు కనబడుతుండగా ఓడలోనే క్షయతో కన్నుమూశాడు. అప్పటికి 31 ఏళ్ళు. యుద్ధం మొదలై వారమైంది.

మన మద్రాసుకు కూడా ఈ కథలో ఒక చిన్న ముడి ఉంది. అదే ఉత్తర అమెరికా తీరాన, బ్రిటన్ చేతిలోనే మిగిలిన నోవా స్కోషియాలో చీఫ్ జస్టిస్‌గా చేసిన సర్ థామస్ స్ట్రేంజ్ 1798లో మద్రాసుకు రికార్డరుగా వచ్చి, 1801లో అక్కడి సుప్రీంకోర్టుకు తొలి చీఫ్ జస్టిస్ అయ్యాడు. మద్రాసు తీర్పులను 1816లో అచ్చువేయించింది ఆయనే. తెలుగు జిల్లాల వకీళ్ళకు తరవాత అలవాటైన తీర్పుల సంపుటాల పరంపర అక్కడ మొదలైంది.

స్వాతంత్ర్యం వచ్చాక రాజును వదిలేసినవాళ్ళు రాజు కోర్టుల చట్టాన్ని వదల్లేదు. కామన్ లా, 1607కు ముందున్న పార్లమెంటు చట్టాలు అమల్లో ఉంటాయని వర్జీనియా 1776లోనే ప్రకటించింది. కొందరికి ఇది నచ్చలేదు. 1776 జూలై తరవాత ఇంగ్లండులో వచ్చిన తీర్పులను కోర్టులో చదవకూడదని న్యూజెర్సీ 1799లోనూ, కెంటకీ 1807లోనూ నిషేధించాయి. కొన్నేళ్ళకు న్యూజెర్సీ ఆ నిషేధం ఎత్తేసింది.

జార్జి విత్ సంగతి చెప్పకుండా ఈ భాగం ముగించలేను. 1806లో రిచ్మండ్‌లో ఆయనకు విషం పెట్టారు. ఆ ఇంట్లోనే ఉన్న చెల్లెలి మనవడు జార్జి విత్ స్వీనీ మీద అందరికీ అనుమానం. వంటింట్లో ఉన్నది లిడియా బ్రాడ్‌నాక్స్, ఒకప్పుడు ఆయన దగ్గర బానిస, ఆయనే విడుదల చేశాడు. ఆమె కూడా ఆ విషం వల్ల జబ్బుపడి బతికింది. ఆ ఇంట్లో విత్ చదువు చెబుతున్న మైకేల్ బ్రౌన్ అనే నల్ల కుర్రాడు చనిపోయాడు. పదిహేను రోజులు బాధపడి, వీలునామాలో స్వీనీ పేరు కొట్టివేయించి, విత్ కూడా పోయాడు. అయితే నల్లజాతివారు తెల్లవారికి వ్యతిరేకంగా చెప్పే సాక్ష్యం వర్జీనియా చట్టం ప్రకారం చెల్లదు, కాబట్టి లిడియా మాట కోర్టులో పనికిరాలేదు. స్వీనీ తరఫున విలియం వర్ట్, ఎడ్మండ్ రాండల్ఫ్ వాదించారు. జూరీ వదిలేసింది.

ఆ నిబంధన ఇంగ్లండు నుంచి వచ్చిన కామన్ లా కాదు. వర్జీనియా శాసనసభ తన కోసం తానే రాసుకున్నది. 1776లో ఆ రాష్ట్రం తన చట్టాలన్నిటినీ తిరగరాయడానికి కమిటీ వేసినప్పుడు అందులో జెఫర్సన్ ఉన్నాడు, విత్ కూడా ఉన్నాడు. సాక్ష్యం గురించిన ఆ నిబంధన అప్పుడూ పోలేదు, అంతర్యుద్ధం ముగిసేదాకా పోలేదు.

(వచ్చే భాగం: లిచ్‌ఫీల్డ్‌లో టాపింగ్ రీవ్ న్యాయ పాఠశాల)